మూడు దెబ్బల చెట్టు

ఫోన్ ఇంకొంచెం దగ్గరగా పెట్టు, బంగారం. వినిపించలేదంటే మళ్లీ మొదట్నించీ చెప్పే ఓపిక నాకు లేదు. నేను చెప్పింది చెప్పినట్టు రికార్డ్ చెయ్యి. తర్వాత మీ అమ్మ టైప్ చేస్తానంది కదా, అప్పుడు నువ్వు పక్కనే కూర్చుని చూస్తూ ఉండు. తనకి నచ్చని మాటలు ఉప్మాలో కరివేపాకు ఏరినట్టు మెల్లిగా ఏరేస్తుంది.

ఇంట్లో పాత వస్తువు ఏదైనా చూసుకుని దాని కథ రాసుకురమ్మందా మీ టీచరు. ఈ ఇంట్లో పాతవంటే నేను, మీ తాతయ్య, గరాజ్‌లో గోడకి వేలాడే ఆ గొడ్డలి. మా ఇద్దరి గురించి రాస్తే నీకు మార్కులు రావు. గొడ్డలి సంగతే చెప్తాను. దాని అంచు పళ్లూడిన దువ్వెనలా ఎందుకుందో, చెక్క కామకి ఆ వెలిసిపోయిన రిబ్బన్లేంటో, పెరూ దేశం వాళ్ల గొడ్డలి మన గోడకి ఎందుకెక్కిందో, అంతా.

అప్పుడు నీకు నాలుగేళ్లు. రెండువేల తొమ్మిది. ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. మీ తాతయ్యా నేనూ ఆరు నెలలుందామని వచ్చాం. ఇల్లు చూస్తే ఏముంది? ఎవరో కాలిఫోర్నియా వెళ్లిపోతూ వదిలేసిన డైనింగ్ టేబులు, నేల మీద రెండు పరుపులు, నాలుగు మడత కుర్చీలు. అంతే ఫర్నిచరు. ఎవరైనా వస్తే కుర్చీలు విప్పడం, వాళ్లు మెట్లు దిగగానే మడిచి క్లోజెట్‌లో పెట్టడం. సోఫా కొనవే అంటే మీ అమ్మది ఒకటే జవాబు, "నెక్స్ట్ ఇయర్ ఎక్కడుంటామో ఏంటో అమ్మా." కర్టెన్లకీ అదే జవాబు. గోడకి మేకు కొడదామన్నా అదే. చివరికి కుండీలో కరివేపాకు మొక్క పెడతానంటే కూడా అదే. మీ నాన్న హెచ్‌వన్ ఎక్స్‌టెన్షన్ ఎప్పుడూ ఎక్కడో పెండింగ్‌లో ఉండేది. ఆఫీసులో లేఆఫులంట. వచ్చే ఏడాది అనే మాట మీ ఇంట్లో ఎవరూ గట్టిగా అనేవాళ్లు కాదు.

మీ నాన్న సంగతి నీకు తెలుసు కదా, వరంగల్ మనిషి, రోజుకి నాలుగు మాటలు. అందులో రెండు "ఏం గాదు". ఆ మాటలు పెట్టుకుని కాలేజీలో మీ అమ్మని ఎలా ఒప్పించాడో నాకు ఇప్పటికీ అంతు పట్టదు. ఇదిగో, ఈ ముక్క ఏరేస్తుంది, చూస్తూ ఉండు.

మన కింది ఫ్లాట్‌లో వదిన ఉండేది. సొంత వదిన కాదు, పెరూ ఆవిడ. ఆవిడా నాలాగే కూతురి దగ్గరకొచ్చి మనవరాల్ని పెంచుతోంది, కాకపోతే ఆవిడ ఇక్కడే ఉండిపోయింది. బట్టలుతికే రూములో పరిచయం. నేను మెషిన్ మూత ఎత్తలేక కుస్తీ పడుతుంటే పక్కనించి వచ్చి మోకాలితో ఒక్కటిచ్చింది, తెరుచుకుంది. నెరిసిన జుట్టు రెండు జడలు వేసి చివర్లు కలిపి కట్టుకునేది. ఈ వయసులో రెండు జడలేంటా అని నేను చూశాను, రెండు ముక్కుపుడకలేంటా అని ఆవిడ చూసింది. అక్కడితో స్నేహమైపోయింది. అక్కా అనాలంటే వయసు అడగాలి. వదినా అంటే ఎగతాళి చేసుకోవడానికి వీలుగా ఉంటుందని అలా పిలిచాను. ఆవిడకి తెలుగు రాదు, నాకు స్పానిష్ రాదు. ఇంగ్లీషు ఇద్దరికీ రాదు కాబట్టి ఏ గొడవా లేదు. ఎక్కువ మాట్లాడాలంటే ఆవిడ కూతురు స్పానిష్‌ని ఇంగ్లీషు చేసేది, మీ అమ్మ ఇంగ్లీషుని తెలుగు చేసేది.

జూలైలో ఒకరోజు వదిన పైకొచ్చి, వచ్చే ఆదివారం మా ఊరి కార్నివాల్, మీరందరూ రావాలంది. వాళ్ల ఊరు కొండల మీద ఎక్కడో ఉందట. అక్కడ ఫిబ్రవరిలో వానలు పడుతుంటే చేస్తారట. ఇక్కడ ఫిబ్రవరిలో గుంట తవ్వాలంటే నేల రాయిలా ఉంటుంది, అందుకని జూలైకి వెనక్కి జరిపేశారు. పండగని ఇలా నెలలు జరపడమేంటని మీ తాతయ్య ముఖం చిట్లించారు. మనం ఉగాది చేసుకున్నది స్కూలు హాలు ఖాళీ దొరికిన శనివారం కదండీ, అన్నాను.

వదిన అల్లుడు పనిచేసే మొక్కల నర్సరీ వెనకాల ఖాళీ పొలం, అక్కడ పండగ. వెళ్లి చూస్తే నేను వదినని పోల్చుకోలేకపోయాను. రోజూ బూడిద రంగు స్వెటర్‌లో, చెత్త సంచి పట్టుకుని, ఎవరికీ అడ్డం రాకుండా గోడ వారగా నడిచే మనిషి. ఆ రోజు ఒకదాని మీద ఒకటి నాలుగు పరికిణీలు, వాటి అంచులకి కుట్టుపూలు, భుజాన ఎర్రటి నేతగుడ్డ, తల మీద పూలు గుచ్చిన టోపీ. పొలం మధ్యలో నిలబడి అందర్నీ గదమాయిస్తోంది. ఒక యాభై మంది ఉంటారు. హాస్పిటళ్లలో, వంటిళ్లలో, నర్సరీల్లో పనిచేసే వాళ్లు. ఆ రోజు మాత్రం అందరూ ఆ ఊరి వాళ్లే. డప్పులాంటిదొకటి, పిల్లనగ్రోవి, చిన్న గిటారు. ఎవరు ఎవరి ముఖానికైనా తెల్ల పౌడరు పూసేయొచ్చు, నెత్తిన నీళ్లు పోసేయొచ్చు, మెడలో రంగు కాగితాల దండలు వేసేయొచ్చు. మీ తాతయ్య ఇస్త్రీ చొక్కాతో వచ్చి, అది చూసి కారెక్కి అద్దాలు ఎత్తేసుకున్నారు. వదిన వెళ్లి డోర్ తీసి, పెళ్లికొడుక్కి గంధం రాసినట్టు రెండు బుగ్గలకీ నింపాదిగా పౌడరు రాసింది.

పొలం మధ్యలో చెట్టు. పెరిగిన చెట్టు కాదు, కొట్టి తెచ్చి గుంటలో పాతినది. కొమ్మలకి బకెట్లు, దుప్పట్లు, బొమ్మలు, బుడగలు వేలాడదీశారు. దాన్ని వాళ్లు యున్సా అంటారు. అందరూ చేతులు పట్టుకుని దాని చుట్టూ ఆడాలి, జంటజంటగా మధ్యలోకి వెళ్లి గొడ్డలితో చెట్టుకి దెబ్బలేసి రావాలి, చెట్టు పడగానే పిల్లలూ పెద్దలూ మీద పడి దొరికింది దొరికినట్టు పట్టుకోవాలి. ఇంతవరకు మీ అమ్మ నాకు తెలుగులో చెప్పింది. ఇంకా ఏదో ఉంది ఆగమ్మా అంటుండగా ఆఫీసు నుంచి కాల్ వచ్చి ఫోన్ పట్టుకుని గేటు దాకా వెళ్లిపోయింది. ఆ మిగిలిన ముక్కలోనే ఉంది కొంప ముంచే సంగతంతా.

గంటైంది. జంటలు వెళ్తున్నాయి, వస్తున్నాయి. ఎవరూ సరిగ్గా కొట్టడం లేదు. గొడ్డలి ఎత్తడం చూస్తే చెట్టు చీలిపోతుందనిపించేది, తీరా దింపేసరికి దోమని తోలినట్టు ఉండేది. పాపం వీళ్లకి ఎప్పుడూ కట్టెలు కొట్టిన అలవాటు లేదు కాబోలు అనుకున్నాను. కొందరు ఎప్పుడో పడ్డ గాటుకి దూరంగా కొత్త చోట కొడుతున్నారు. ఒకే చోట కొట్టాలన్న జ్ఞానం కూడా లేదే అని నా చెయ్యి దురద పెట్టడం మొదలైంది. నా అలవాటు నీకు తెలుసు. ఎవరింటికి పేరంటానికి వెళ్లినా వంటింట్లోకి వెళ్లి కత్తిపీట లాక్కుని కూరలు తరగందే నాకు తోచదు. పైగా నువ్వు ఆ చెట్టు మీద గులాబీ రంగు బకెట్ చూసి, అది కావాలని నా చీర కుచ్చిళ్లు పట్టుకుని ఏడుస్తున్నావు.

జంటగానే వెళ్లాలి కాబట్టి కారు దగ్గరికెళ్లి మీ తాతయ్యని లాక్కొచ్చాను. పెళ్లిలో పట్టుకున్న చెయ్యి. మళ్లీ నలుగురి ముందు పట్టుకోవడం అదే. ఆయన ఆడలేదు, నవగ్రహాల చుట్టూ తిరిగినట్టు తిరిగారు. నేను కొంగు నడుముకి దోపి గొడ్డలి అందుకున్నాను. గ్యాసు స్టవ్ వచ్చేదాకా మా తెనాలి ఇంట్లో కట్టెలు చీల్చింది నేనే. పైనుంచి ఏటవాలుగా ఒకటి. కింద్నించి ఒకటి. మధ్యలో ముక్క ఎగిరిపోయింది. మూడోది నిండుగా వేశాను.

చెట్టు పడిపోయింది.

డప్పు ఆగిపోయింది. పిల్లలు తప్ప ఎవరూ కదల్లేదు. నువ్వు మాత్రం పరిగెత్తి బకెట్ పట్టుకున్నావు. ఒక నిమిషం అయ్యాక అందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టి మా ఇద్దరి మెడల్లో కాగితం దండలు వేసి, తల మీద పౌడరు కుమ్మరించి, రిబ్బన్లు కట్టిన గొడ్డలి నా చేతికిచ్చేశారు. నాకు ఫస్ట్ ప్రైజ్ వచ్చిందనుకున్నాను. తల ఊపుకుంటూ అందరికీ నమస్కారాలు పెట్టాను. ఆ ఫోటో ఉంది, మీ అమ్మ ఎక్కడో దాచింది.

అప్పుడు గేటు దగ్గర వదిన కూతురు మీ అమ్మతో ఏదో చెప్తోంది. మీ అమ్మ ముఖం చూస్తే ఎవరో పోయారేమో అనిపించింది. కారెక్కాక చెప్పింది.

"అమ్మా, ఆ చెట్టు ఎవరు పడగొడితే వాళ్లు నెక్స్ట్ ఇయర్ చెట్టు పెట్టాలి. చెట్టు, దాని మీద కట్టేవన్నీ, అందరికీ భోజనాలు. అదీ రూలు."

"మరి ముందు చెప్పొద్దూ?"

"చెప్పేలోపు నరికేశావు కదా."

అప్పుడు అర్థమైంది నాకు. వాళ్లకి కొట్టడం రాక కాదు. పడగొడితే బరువు తల మీద పడుతుందని, పడిపోకుండా జాగ్రత్తగా తడుతున్నారు. వచ్చే ఏడాదికి సిద్ధంగా ఉన్నవాళ్లు ఎవరో చివరికి ధైర్యం చేసి పడగొడతారట. మీ తాతయ్య వెనక సీట్లో పౌడరు ముఖంతో, "వీసా మీద వచ్చిన వాళ్లం, మనకెందుకే ఊరి పెద్దరికం," అన్నారు. తెలీక కొట్టింది అని చెప్పేద్దామంది మీ అమ్మ. మీ నాన్న ఎర్ర లైటు దగ్గర ఆగి, ఆ రోజుకి తన వాటా మాటలన్నీ ఒకేసారి ఖర్చు పెట్టేశాడు.

"ఏం గాదు అత్తమ్మా. డిసెంబర్ల వోయి జూన్ల మల్ల రాండ్రి. పేపర్లు నేను జూస్కుంట."

మర్నాడు వదిన వచ్చింది, వేయించిన మొక్కజొన్నలు పట్టుకుని. మడత కుర్చీ విప్పి కూర్చోబెట్టాను. కూతుళ్లిద్దరూ కూర్చుని మాట మాటా దాటించారు. నాలుగేళ్ల కిందట ఒకతను చెట్టు పడగొట్టి, ఆ చలికాలంలోనే ఉద్యోగం వచ్చిందని ఫ్లోరిడా వెళ్లిపోయాడట. చెట్టు లేదు. నువ్వు పెట్టు అంటే నువ్వు పెట్టు అని వాదులాడుకుని, ఒకే ఊరి వాళ్లు ఒకళ్లింటికొకళ్లు రావడం మానేశారట. రెండేళ్లు పండగ లేదు. వదిన ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, తనే చెట్టు పెట్టి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ మొదలైన తర్వాత రెండో చెట్టు, నేను నరికినది. నిన్న మనం వెళ్లిపోయాక అక్కడ గుసగుసలాడుకున్నారట, ఈవిడ ఆరు నెలల టూరిస్టు, వచ్చే ఏడాది గొడ్డలీ ఉండదు ఈవిడా ఉండదు అని. వదిన అందరి ముందూ, ఆవిడ వస్తుంది, అనేసిందట.

అంతా చెప్పి, మీకు కష్టమైతే పర్లేదు, నేను వాళ్లకి చెప్పుకుంటానంది. చెప్పుకుంటానన్న మనిషి నా ముఖం చూడలేదు, మొక్కజొన్నల గిన్నెలోకి చూసింది. ఇన్ని గడపలు తిరిగి అతికించుకున్న ఊరు నా మూడు దెబ్బలకి మళ్లీ చీలిపోతుందని ఆవిడ భయం. నేను లేచి ఆవిడ చేతిలో చెయ్యి వేశాను. అదెవరూ ట్రాన్స్‌లేట్ చెయ్యక్కర్లేకపోయింది.

తెనాలి వెళ్లాక ఆరు నెలలూ నాకు అదే పని. ఈవిడ అమెరికాలో చెట్టు పెట్టడానికి వెళ్తోందట అని వీధంతా నవ్వుకుంది. నవ్వుకోనీ అనుకుని చిన్న స్టీలు డబ్బాలు, టిఫిన్ క్యారేజీలు, రంగు తువాళ్లు, గాజులు, తాటాకు విసనకర్రలు పోగేశాను. రెండు సూట్‌కేసులూ నిండిపోయాయి. మీ అమ్మ ఫోన్ చేసి ఆవకాయ ఎన్ని కేజీలు తెస్తున్నావంది. ఈసారి ఆవకాయ లేదు, చెట్టు సామానుంది, అన్నాను.

న్యూఅర్క్ ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఎందుకొచ్చారని అడుగుతాడు, "టు సీ మై డాటర్" అని చెప్పి ఊరుకోండి, ఇంకేమీ మాట్లాడొద్దు అని మీ నాన్న నెల రోజులు నేర్పించాడు. ఆఫీసరు అడిగాడు. "డాటర్," అన్నాను. అక్కడితో ఆగొచ్చు. కానీ ఒకటే కారణం చెప్తే అబద్ధం చెప్పినట్టు ఉంటుందని, "అండ్ ట్రీ," అన్నాను. మీ తాతయ్య నా చెయ్యి గిల్లారు. ఏం ట్రీ అన్నాడు ఆఫీసరు. ఎలా చెప్పను? కౌంటరు ముందు నిలబడి, పైనుంచి ఏటవాలుగా ఒకటి, కింద్నించి ఒకటి, చేత్తో వేసి చూపించాను. ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. తెలుగొచ్చిన అమ్మాయినెవర్నో పిలిపించారు. ఆ అమ్మాయి నేను చెప్పేది వింటూ సగంలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంతా విని ఆఫీసరు స్టాంపు వేసి, ఈసారి నెమ్మదిగా కొట్టమని చెప్పించాడు.

నా మొదటి తప్పు చెట్టు కొట్టడం. రెండో తప్పు, చెట్టు పెట్టే పని మీ తాతయ్యకి అప్పగించడం.

ఆయన ముప్పై రెండేళ్లు కరెంటు స్తంభాలు పాతించిన మనిషి. ఏ తుఫానుకీ ఆయన పాతించిన స్తంభం పక్కకి ఒరిగింది లేదు. ఏడాది క్రితం మనకెందుకే అన్న పెద్దమనిషి, నర్సరీలో అడుగు పెట్టగానే డ్యూటీ ఎక్కినట్టు మారిపోయారు. నర్సరీ వాళ్లు తీసెయ్యాల్సిన చెట్లు మూడు చూపించారు. ఆయన మూడింటినీ వేలి కణుపుతో కొబ్బరికాయని చూసినట్టు కొట్టి చూసి, నిటారుగా ఉన్న ఓక్ చెట్టు కావాలన్నారు. వదిన అల్లుడు, ఇది గట్టిది సార్, ఆ పక్కది మెత్తగా ఉంటుంది అన్నట్టు సైగ చేశాడు. గట్టిదే కావాలి, అన్నారు ఈయన తెలుగులో. ఇరవై నాలుగు అడుగుల మానుకి నాలుగు అడుగుల గుంట. ఆరో వంతు భూమిలో ఉండాలట, డిపార్ట్‌మెంటు లెక్క. అడుగున రాళ్లు, మూడు వైపులా తాళ్లు. పదిమంది పెరూ వాళ్ల చేత ఐలెస్సా అనిపించి మాను లేపారు. రెండోసారికి వాళ్లు ఈయనకంటే గట్టిగా అంటున్నారు.

చెట్టు నిలబడ్డాక వదిన ముందు కొంచెం మొక్కజొన్న పానీయం నేల మీద పోసింది. భూమి తాగాకే మనుషులు తాగాలట. నేను మానుకి పసుపు రాసి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాను. గాలికి స్టీలు డబ్బాలన్నీ గణగణమంటుంటే ఆ గుసగుసలాడినవాళ్లే వచ్చి తలెత్తి చూశారు. వదిన టోపీ సర్దుకుంటూ వాళ్ల మధ్య ఎలా నడిచిందో చూడాల్సింది. పులిహోర, బూరెలు, వాళ్ల బంగాళాదుంపలు, అన్నీ అయ్యాయి. నా మాట నిలబడింది, ఇంక చెట్టు పడితే చాలు అనుకున్నాను.

పడలేదు.

మొదటి గంట ఎవరూ పట్టించుకోలేదు, ఎప్పట్లాగే తట్టి వస్తున్నారు. రెండో గంటకి, వచ్చే ఏడాది చెట్టు మేం పెడతామని ముందే అనుకున్న జంట వెళ్లి నిజంగానే కొట్టింది. గొడ్డలి ఎగిరి వెనక్కొచ్చింది. ఇంకో జంట. ఇంకో జంట. గొడ్డలి అంచు విరిగింది. డప్పు వాయించే ఆయన కూర్చుండిపోయాడు. పడమటి నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడితే కరెంటు తీగలాంటి మెరుపులు, ఆ పొలంలో ఎవరూ ఉండకూడదు. చెట్టు పడకుండా ఇళ్లకి వెళ్లిపోతే వచ్చే ఏడాదికి చెట్టు పెట్టేవాళ్లుండరు. మళ్లీ నువ్వంటే నువ్వు. ఫ్లోరిడా వాడు చెట్టు పెట్టక చెడగొట్టాడు, నేను గట్టి చెట్టు పెట్టి చెడగొడుతున్నాను. వదిన టోపీ తీసి చేత్తో పట్టుకుంది. అది చూసి నాకు భయమేసింది. మీ తాతయ్య మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని మాను వైపు చూస్తున్నారు. ఆ ముఖంలో ఉన్నది బాధ కాదు, గర్వం. తర్వాత ఇంటికొచ్చాక చెప్పాను దాని సంగతి.

మీ అమ్మ పొద్దుట్నుంచీ కారుకి ఆనుకుని ఫోన్ చూసుకుంటోంది. ఆ వారమే మీ నాన్న ఆఫీసులో ఇద్దర్ని తీసేశారు. ఒక్కసారిగా ఫోన్ తీసుకెళ్లి నీ గులాబీ బకెట్‌లో పడేసి, చెప్పులు విడిచి, మీ నాన్న చెయ్యి పట్టుకుని మధ్యలోకి నడిచింది. జంట ఆడకుండా గొడ్డలి పట్టుకోకూడదు. డప్పాయన లేచి వాయించాడు. అప్పుడు చూశానమ్మా మీ నాన్నని. రోజుకి నాలుగు మాటల మనిషి, వరంగల్‌లో బరాత్ ముందు ఆడినట్టు తీన్మార్ అందుకున్నాడు. భుజాలు ఒకవైపు, కాళ్లు ఒకవైపు. పెరూ వాళ్లు వాళ్ల ఆట ఆపేసి ఆయన అడుగులు నేర్చుకోవడం మొదలుపెట్టారు. మీ అమ్మని కాలేజీలో ఎలా ఒప్పించాడో ఆ రోజు కొంచెం అర్థమైంది.

మీ అమ్మ గొడ్డలి ఎత్తి నా వైపు చూసింది.

"అమ్మా, ఎక్కడ కొట్టాలి?"

"ఒకే చోట కొట్టాలే. పైనుంచి ఏటవాలుగా, కింద్నించి ఏటవాలుగా." దగ్గరికెళ్లి మెల్లిగా అడిగాను, "పడితే ఏమవుతుందో తెలుసు కదే?"

"ఆ రూలు నీకు ట్రాన్స్‌లేట్ చేసింది నేనే కదమ్మా," అంది.

మూడు దెబ్బలు కాదు, ముప్పై పట్టాయి. జన్మలో పుల్ల విరవని పిల్ల. సగంలో చేతులు బొబ్బలెక్కితే మీ నాన్న అందుకున్నాడు, ఆయన అలిసిపోతే మళ్లీ మీ అమ్మ. అంతకు ముందు అందరూ పెట్టిన గాట్లు కూడా పనికొచ్చాయనుకో. వాన మొదటి చుక్కలు పడుతుంటే మాను కిర్రుమంది. స్టీలు డబ్బాలన్నీ ఒక్కసారి మోగుతూ పడిపోయింది. జనం మీద పడ్డారు. వదిన ఈసారి కుర్రదానిలా ఉరికి మూడంతస్తుల టిఫిన్ క్యారేజీ పట్టేసింది. దాన్ని చంకన పెట్టుకునే వచ్చి, మీ అమ్మ ముఖానికి వానకి తడిసి పిండిలా ముద్దైన పౌడరు రాసింది. ఏదో అంది కూడా. వాళ్లమ్మాయి దగ్గర లేదు, అదేమిటో మాకెవరికీ తెలీదు. మీ అమ్మ తల ఊపింది.

కారెక్కాం. మీ నాన్న వైపర్లు వేశాడు. వచ్చే ఏడాది మనం ఎక్కడుంటామో అని నేనే అన్నాను, ఊరికే. ఈసారి మెత్త చెట్టు చూడాలి నాన్నా, అంది మీ అమ్మ, మీ తాతయ్యతో. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, చూద్దాంలే అన్నారు.

వాళ్లు కొత్త గొడ్డలి కొనుక్కున్నారు, అదిప్పుడు చేతులు మారుతూ ఎవరింట్లో ఉందో. విరిగినది మనకే వదిలేశారు. ఇల్లు కొనుక్కుని ఇక్కడికొచ్చేటప్పుడు మీ అమ్మ మడత కుర్చీలు పారేసింది గానీ దీన్ని మాత్రం పారేయనివ్వలేదు.

అయిందా? ఆపెయ్. కాదు, ఆగు, ఒక్కటి మర్చిపోయాను. ఆ చెట్టు పడిన మరుసటి శనివారం మీ అమ్మ ఎవరికీ చెప్పకుండా వెళ్లి సోఫా బుక్ చేసి వచ్చింది. నువ్వు ఇప్పుడు కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నావే, ఇదే. కాళ్లు తియ్.